కనుమకు విరిగిన కాలు, ఉగాదికి ఇంటికి

మా దూడ గోవిందు కాలు విరిగింది 2025 కనుమ నాడు, జనవరి 15 సాయంత్రం. వాడు మళ్ళీ మా కొట్టంలో అడుగు పెట్టింది ఉగాది నాడు, మార్చి 30న. మధ్యలో 74 రోజులు. అందులో 71 రోజులు చంద్రగిరి దగ్గర కొండ కింద ఉన్న ఒక చిన్న పశువుల శాలలో ఉన్నాడు. ఇలాంటివి మామూలుగా వీడియోల్లో చూస్తాం. మొదట కుంటుతూ ఉంటుంది, పాట మారేసరికి పరిగెత్తుతూ ఉంటుంది. ఆ పాట మారే లోపల ఏం జరుగుతుందో, రాత్రిళ్ళు ఎవరు లేస్తారో, డబ్బు ఎంత పోతుందో ఎవరూ చెప్పరు. నేను తిరుపతిలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రాసి పెట్టుకునే అలవాటు ఉంది కాబట్టి, తారీఖులూ ఖర్చులూ పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే చెబుతున్నా.

గోవిందు కోడెదూడ. మా జెర్సీ ఆవుకు 2024 ఆగస్టు 17న, శ్రావణ శనివారం పుట్టాడు, అందుకే ఆ పేరు. పాలు పోసే ఇళ్ళలో కోడెదూడ పుడితే ఎవరి ముఖమూ వెలగదు. పెయ్య అయితే రెండు మూడేళ్ళకు చేతికొస్తుంది. జెర్సీ కోడె దున్నడానికి పనికిరాదు, ట్రాక్టర్లు వచ్చాక నాటు ఎద్దులకే పని లేదు. మా నాయన వాడిని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ‘ఆ కోడెదూడ’ అనేవాడు, అంతే.

మా పాకాల వైపు కనుమ అంటే పశువుల పండగే. పొద్దున్నే వాటికి ఉప్పుచెక్క తినిపించి, కడిగి, కొమ్ములకు రంగులు పూసి, సాయంత్రం ఊరి బయట పశువుల దేవుడు కాటమరాజు దగ్గరికి తోలుకుపోతాం. పొంగళ్ళు పెడతారు, పొద్దు గూకేటప్పుడు చిట్లాకుప్ప, అంటే ఎండుపుల్లల కుప్ప, ముట్టిస్తారు, పశువులు ఇళ్ళకు పరుగు పెడతాయి. ఐదు నెలల దూడను అక్కడికి తీసుకుపోవడం మా తప్పు. అమ్మ వద్దంది, నేనే ముచ్చటపడి మెడకు చామంతి దండ వేసి పట్టుకుపోయాను. చిట్లాకుప్ప అంటుకోగానే ఎవరో పిల్లలు టపాకాయల సరం వేశారు. గోవిందు తాడు లాక్కుని పరిగెత్తాడు. రోడ్డు పక్క కాలవ మీద పరిచిన రెండు బండల మధ్య సందులో కుడి ముందుకాలు దిగింది. ఒళ్ళు ముందుకు పోయింది, కాలు అక్కడే ఉండిపోయింది. చెరకు గడ విరిచినట్టు చిన్న శబ్దం. అరవలేదు కూడా. మూడు కాళ్ళ మీద నిలబడి నా వంక చూశాడు. మోకాలి కింద కాలు గంటలా వేలాడుతోంది.

ఇంటికి మోసుకొచ్చేసరికి సగం ఊరు వాకిట్లో ఉంది. ఒకాయన, పుత్తూరు కట్టు కట్టించండి అన్నాడు. మా జిల్లాల్లో మనిషికి ఎముక విరిగితే మొదట గుర్తొచ్చేది అదే కదా: రాచపాళెంలో ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే కట్టు. దూడకు ఎవరు కడతారు, కట్టినా అది ఊరుకుంటుందా అని ఇంకొకరు. మూడో ఆయన ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు దంచి ఇవ్వబోయాడు. అమ్మ ఆపింది. మరుసటి రోజు డాక్టరు ఆ మాత్రల పేరు విని, ఇవ్వకపోవడమే మంచిదైంది అన్నాడు. అది డైక్లోఫెనాక్. దాన్ని పశువులకు వాడటం మన దేశంలో 2006 నుంచి నిషేధం. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తిని రాబందులు అంతరించే దాకా వచ్చాయట.

రాత్రి ఎనిమిదిన్నరకు, పశువులకు ప్రథమ చికిత్స చేసే పక్క ఊరి గోపాలమిత్ర వచ్చాడు. ఆయన చేసిన పని చిన్నదే గానీ కాలు నిలబెట్టింది అదే. బోరు పైపు ముక్క తెమ్మని, దాన్ని నిలువునా రెండుగా కోయించి, లోపల దూది, పాత చీర గుడ్డ పరిచి, కాలును మధ్యలో పెట్టి కట్టాడు. ‘చర్మం చిరగలేదు, అదృష్టం. విరిగిన ముక్క చర్మం పొడుచుకుని బయటికొస్తే ఇక మట్టీ పురుగూ లోపలికి పోతాయి. తెల్లారే దాకా దీన్ని నడవనీకండి’ అన్నాడు. 300 ఇచ్చాం. మీ ఇంట్లో పశువు ఉంటే రెండడుగుల పైపు ముక్క ఒకటి అటక మీద పెట్టుకోండి.

16వ తేదీ పొద్దున ఏడుకు పశువుల అంబులెన్సు నంబర్ 1962కి ఫోన్ చేశాను. మండలం, ఊరు, ఏ పశువు, ఏమైంది అని అడిగారు. బండి తొమ్మిదిన్నరకు వచ్చింది. ఆ డాక్టరు నొప్పికి మెలాక్సికామ్, ధనుర్వాతానికి సూది వేసి, పైపు కట్టు విప్పకుండా చేత్తో తడిమి చూసి, ఇది ఇక్కడ అయ్యేది కాదు, ఎక్స్‌రే తీసి పిండికట్టు వెయ్యాలి, తిరుపతికి తీసుకుపొండి అన్నాడు.

నాయన అప్పుడు నోరు విప్పాడు. ‘పాపా, ఈ కోడెదూడ ఖరీదు మూడు వేలు చెయ్యదు. బండికే రెండు వేలవుతాది. ఊళ్ళో నవ్వుతారు.’

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నాకు కోపం వచ్చింది, ఎందుకంటే నా మనసులోనూ అదే లెక్క నడుస్తోంది. అమ్మ మాత్రం ఏమీ అనకుండా టాటా ఏస్ అబ్బాయికి ఫోన్ చేసింది. పండగ కాబట్టి 1,800 అన్నాడు. సరే అంది. బండిలో వరిగడ్డి మందంగా పరిచి, దూడ రెండు పక్కలా ఇసుక బస్తాలు పెట్టాం, మలుపుల్లో దొర్లకుండా. ఈ ఇసుక బస్తాల ఆలోచన డ్రైవర్‌ది. ముందు నవ్వుకున్నాం గానీ దామలచెరువు దాటాక వాటి విలువ తెలిసింది.

తిరుపతి చేరేసరికి ఒకటిన్నర. కొండ మీద వైకుంఠ ద్వార దర్శనాలు ఇంకా జరుగుతున్నాయి, ఊరంతా బస్సులే. పశువుల ఆసుపత్రిలో చీటీ, ఎక్స్‌రే కలిపి 350. ఫిల్మ్ లైటుకు పెట్టి డాక్టరమ్మ చూపించింది. నలీ ఎముక నడి మధ్యన అడ్డంగా విరిగి, రెండు ముక్కలూ పక్కపక్కకు జరిగి ఉన్నాయి. ‘దూడల్లో మేం ఎక్కువగా చూసేది ఈ ఎముకే. లేత వయసు, త్వరగా అతుక్కుంటుంది’ అని, వెంటనే ‘పొద్దున్నుంచి ఏం తిన్నాడు?’ అని అడిగింది.

నిన్న కనుమ. పొంగలి తిన్నాడు, చెరకు తిన్నాడు, పక్కింటి వాళ్ళు పెట్టిన వడలు కూడా తిన్నాడు. పొద్దున పాపం దెబ్బ తగిలిందని అమ్మ గంజి, తవుడు కలిపి బకెట్ నిండా తాగించింది. డాక్టరమ్మ తల పట్టుకుంది. మత్తు ఇచ్చి పడుకోబెడితే పశువుకు కడుపు ఉబ్బుతుంది, తిన్నది గొంతులోకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. రాత్రంతా పస్తు పెట్టి రేపు పొద్దున చేస్తాం అంది. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. తిరుపతికి పోవాలని తెలిసినప్పుడే మేత ఆపి ఉంటే ఒక రోజు కలిసొచ్చేది.

డ్రైవర్ ఉండనన్నాడు, నాయన బండిలోనే వెనక్కి పోయాడు, ఇంట్లో ఆవుల పాలు పిండాలి కదా. ఆ రాత్రి నేనూ అమ్మా ఆసుపత్రి షెడ్డులో గోనెపట్టాల మీద పడుకున్నాం. చలి. అమ్మ తన శాలువ దూడ మీద కప్పింది. వాడికి ఆకలి. తెల్లార్లూ నా చున్నీ అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూనే ఉన్నాడు. మా పక్కన ఒక ముసలాయన గేదెతో వచ్చి ఉన్నాడు, ఈనలేక అవస్థ పడుతోంది. అర్ధరాత్రి దాటాక దూడ చచ్చి పుట్టింది, గేదె బతికింది. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, మా గోవిందు గంగడోలు కాసేపు నిమిరి పోయాడు.

17 శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు కట్టు. మందులకు 740. ఫైబర్ కట్టు చుట్టలు బయట షాపులో కొని తెమ్మన్నారు, 2,900. మామూలు పిండికట్టు చవకే గానీ బరువు, తడిస్తే మెత్తబడుతుంది, దూడ మూత్రంలో పడుకోక తప్పదు కదా అన్నారు. మత్తు సూది మోతాదు చూస్తే ఆశ్చర్యం, సిరంజిలో అడుగున కొంచెం. పశువులకు ఆ మందు చాలా తక్కువ సరిపోతుందట, గుర్రానికి ఇచ్చే దాంట్లో పదో వంతు. ఐదు నిమిషాల్లో మెడ వాలిపోయింది, నోటి నుంచి చొంగ ధారగా. ఒక కుర్రాడు తల పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. ఇద్దరు కాలు లాగారు, డాక్టరమ్మ వేళ్ళతో ఎముక సర్దింది. నేను తల తిప్పుకున్నా. కట్టు గిట్టతో సహా చుట్టేశారు, మోకాలు దాటి చంక దాకా. గిట్ట కింద ఒక సైకిల్ టైరు ముక్క కూడా అతికించారు, నేలకు రాసుకుని అరిగిపోకుండా.

ఆ తర్వాత అసలు మాట చెప్పింది. ‘మా పని గంట. మిగతాది ఆరు వారాలు. పొడి నేల, ఇసుక, పక్కన మనిషి. ఉన్నారా?’

మా కొట్టంలో బండలు, అవీ వాలుగా, జారతాయి. నాయన పొలంలో, అమ్మ ఉపాధి పనికి, నేను తిరుపతిలో. ఎవరు ఉన్నారు? పెద్ద గోశాలకు ఇచ్చెయ్యండి అని అక్కడే ఒకాయన సలహా. ఇవ్వడానికి కాదు నాయనా, బాగు చేసుకునేదానికి అంది అమ్మ. ఆ కట్టు వేసిన కుర్రాడే చంద్రగిరి శాల నంబర్ ఇచ్చాడు. ఇంకో రాత్రి షెడ్డులోనే గడిపి, 18 శనివారం వాడిని అక్కడికి చేర్చాం, బండికి 600.

ఆ శాల నడిపేది రిటైరైన ఒక వెటర్నరీ కాంపౌండర్, ఆయన భార్య. ఆయన్ని అందరూ సార్ అంటారు, ఆమెను అక్క. బోర్డు కూడా లేదు, పేరు రాయొద్దన్నారు, రాస్తే పొద్దున్నే గేటుకు కోడెదూడలు కట్టేసి పోతారట. ఊళ్ళో గోశాల అంటారు గానీ లోపల అన్నీ ఉన్నాయి: రెండు కళ్ళూ పోయిన గేదె, ముందుకాళ్ళకు తాడు కోసుకుపోయిన గాడిద, మొక్కుకు వదిలితే ఎవరూ తీసుకోని మేకపోతు, తుంటి జారిన ముసలావు, ఒంటికొమ్ము కోడె. ఆ కోడె కొమ్ము నిరుడు పశువుల పండగలో పోయింది. కనుమ పోయిన వారంలో మాకు చుట్టాలు రాకుండా ఉండరు, మీవాడి కోసమే ఈ చోటు ఖాళీ పెట్టినాం అని సార్ నవ్వాడు.

ఒక కాగితం రాయించుకున్నారు. మేత ఖర్చు రోజుకు వంద మేం ఇవ్వాలి. నయమయ్యాక ఆరు నెలల్లోపు తీసుకుపోకపోతే ఇక వాడు శాలవాడే. తీసుకుపోతే అమ్మకూడదు, ఉంచుకోలేకపోతే తిరిగి ఇక్కడికే తేవాలి. పశువు యజమాని సంతకం కావాలన్నారు. వాట్సాప్‌లో పంపితే నాయన పాకాలలో ప్రింట్ తీయించి, సంతకం పెట్టి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు. చదివాడో లేదో అనుకున్నా అప్పుడు.

మొదటి వారం నేను రోజూ ఆఫీసు కాగానే స్కూటీ మీద పోయేదాన్ని. నేను తెలుసుకున్నవన్నీ ఆ వారంలోవే.

పశువు పడుకుని లేవడం ఎప్పుడైనా గమనించారా? ముందు మోకాళ్ళ మీద నిలబడి, వెనక భాగం ముందు లేపి, ఆ తర్వాత ముందుకాళ్ళు ఒక్కొక్కటి చాపుతుంది. గోవిందు కుడికాలు కర్రలా బిగుసుకుపోయి ఉంది, మోకాలు మడవలేడు. పడుకుంటే లేవలేడు. లేవలేక తన్నుకుని పక్కకు పడితే కడుపు ఉబ్బుతుంది. కాబట్టి లేవాలనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు రొమ్ము కింద గోనెపట్టా వేసి రెండు అంచులూ పట్టుకుని ఎత్తాలి. పగలు నాలుగైదు సార్లు, రాత్రి రెండు సార్లు. అక్క మంచం వాడి పక్కనే వేసుకుంది. గొలుసు చప్పుడుకే లేచేది. ఎనిమిదో రోజు రాత్రి చప్పుడైతే ఆమె లేచి చూసేసరికి వాడు నిలబడి ఉన్నాడట. కట్టు కాలును ముందుకు చాపి, ఎడమ మోకాలు ఒక్కదాని మీద బరువు వేసి, తనంతట తానే లేచాడు. పొద్దున ఆరు గంటలకు నాకు ఫోన్. ‘అమ్మణ్ణీ, ఈ రాత్రి నుంచి నాకు నిద్ర’ అంది.

ఇంకొకటి, మగదూడ మూత్రం పొట్ట కింద నడి మధ్యలో పడుతుంది. పడుకున్న చోటే తడి. పెయ్య అయితే వెనక్కి పోతుంది, ఇంత బాధ ఉండదు. అందుకే ఇసుక రోజుకు మూడు సార్లు తిరగేసి, తడిసింది ఎండలో పోసి, ఎండింది తెచ్చి పరిచేవాళ్ళు. కట్టుకు పాల కవర్లు కోసి చుట్టేవాళ్ళు. నేను పోయినప్పుడు ఆ ఇసుక పని నాది. ఆఫీసులో నా గోళ్ళు చూసి ఏమిటని అడిగారు.

మేత ముట్టలేదు రెండు రోజులు. బెల్లం నీళ్ళు పెట్టినా, అవిశాకు పెట్టినా అంతే. దెబ్బ వల్ల అనుకున్నాం. అక్క, వీడికి కాలు నొప్పి కాదు, ఒంటరి నొప్పి అని ముసలావును తెచ్చి పక్కన కట్టింది. అది వాడి వీపు, చెవులు, ముఖం అన్నీ నాకి, చివరికి కట్టు పైన దూది కూడా పీకి తినబోయింది. మూడో రోజు వాడు దాని గాడిలోనే మూతి పెట్టాడు. దూది పీకకుండా ఆమె ఆవు తాడు జానెడు కురచ చేసింది, అంతే.

ఫిబ్రవరి 2 ఆదివారం అమ్మ కూడా వచ్చింది. గోవిందు బాగానే ఉన్నాడు, మేత తింటున్నాడు. అక్క మాత్రం కట్టు పై అంచు దగ్గర ఈగల వంక చూస్తోంది. ‘నిన్న రెండు, ఈ పొద్దు పదైనాయి.’ నేను ముక్కు పెట్టి వాసన చూశా, ఏమీ లేదు. మనిషి ముక్కు కన్నా ఈగ ముందు అంది. డాక్టరమ్మ మూడు వారాలకు, 7న రమ్మంది. ఆగొద్దు, రేపే పొమ్మన్నాడు సార్. 3న హాఫ్ డే లీవు పెట్టి తీసుకుపోయాను, రానూపోనూ బండి 1,200. రంపంతో కట్టు కోస్తుంటే సన్నటి దుమ్ము, దాని వెనకే వాసన. చంక దగ్గర కట్టు అంచు రాసుకుని రూపాయి బిళ్ళంత పుండు, అందులో తెల్లగా కదులుతున్నాయి. నాకు కడుపులో తిప్పింది. ఒక్కొక్కటీ చిమటాతో తీసి, కడిగి, స్ప్రే కొట్టారు. నాలుగు రోజులు ఆగి ఉంటే అని తలచుకుంటే ఇప్పటికీ ఎలాగో ఉంటుంది.

మంచి కబురు ఏమిటంటే, కొత్త ఎక్స్‌రేలో విరిగిన చోట చుట్టూ మబ్బులా తెల్లటి పొర. కొత్త ఎముక. ఈసారి అంచుకు దూది మందంగా వేసి, పుండుకు గాలి తగిలేలా కొంచెం కిందికి కట్టారు. చుట్టలు 2,700, ఎక్స్‌రే 350, స్ప్రే డబ్బాలు 480. ఊళ్ళో అయితే పురుగులకు సీతాఫలం ఆకు నూరి పెడతారు, మేమూ పెట్టినవాళ్ళమే. సార్‌ను అడిగితే, పైన కనిపించే పుండుకైతే సరే, కట్టు కింద ఉన్నదానికి ముందు చూపు కావాలి కదమ్మా అన్నాడు.

ఆ తర్వాత మూడు వారాలు చెప్పడానికేం లేదు, రోజుకు వంద తప్ప.

శివరాత్రి పోయిన రెండో రోజు, ఫిబ్రవరి 28న కట్టు తీశారు. మళ్ళీ బండి 1,200, ఎక్స్‌రే 350. ఎముక అతికింది. సంబరపడిపోయి అమ్మకు వీడియో కాల్ చేశా. కెమెరాలో కాలు చూసి అమ్మ మాట్లాడలేదు. కుడికాలు ఎడమదాంట్లో సగం లావు. వెంట్రుకలు తడిసి అతుక్కుపోయి, చర్మం పొలుసులు, గిట్ట పెరిగి చెప్పులా సాగి ఉంది. గిట్ట పైన కీలు మెత్తబడి ముందుకు మడుచుకుపోతోంది. కిందికి దించితే వాడు కాలు ఎత్తి పొట్టకు ఆనించుకుని మూడు కాళ్ళ మీద టకటకా పోయాడు.

ఎముక ఆరు వారాల్లో అతికింది. కాలు ఉందని వాడికి గుర్తు చేయడానికి ఇంకో పదహారు రోజులు పట్టింది. ఈ భాగానికి నేను సిద్ధంగా లేను. ఆసుపత్రి ఖర్చు అయిపోయింది, ఇక ఇంటికే అనుకున్నా. సార్ మాత్రం అసలు పని ఇప్పుడు మొదలు అన్నాడు. పొద్దున, సాయంత్రం ఆముదం గోరువెచ్చగా చేసి పావుగంట మర్దన. కీలు మడవకుండా వెదురు బద్దతో చిన్న కట్టు పది రోజులు. రోజుకు రెండు సార్లు మెట్ట దారిన పైకి తోలుకుపోయి, కిందికి నడిపించేవాళ్ళు. పల్లానికి దిగేటప్పుడు బరువు ముందుకాళ్ళ మీద పడుతుంది, కాలు దించక తప్పదని. వాడు తప్పించుకున్నాడు. మూడు కాళ్ళతోనే గంతులేస్తూ దిగేవాడు. మంచి కాలును నేను చేత్తో ఎత్తి పట్టుకుంటే, చెడ్డ కాలు దించాల్సింది పోయి నా మీదికి ఒరిగి పడుకునేవాడు. ఎనభై కిలోలు. రెండు సార్లు ఇద్దరం కలిసి పడ్డాం.

మార్చి రెండో వారానికి నాకు విసుగొచ్చింది, దాచడం ఎందుకు. స్కూటీ పెట్రోలు, ఎండ, లీవులు. ఒక సాయంత్రం వాడి ముందు కూర్చుని ఏడ్చాను కూడా. వాడు నా చున్నీ నమిలాడు. జీవితాంతం మూడు కాళ్ళతోనే ఉంటే ఏమవుతుంది అని సార్‌ను అడిగా. దూడగా ఉన్నంత కాలం పరవాలేదు, బరువు నాలుగు వందల కిలోలయ్యాక ఆ మిగిలిన ఒక్క ముందుకాలు కూడా పోతుంది అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్చి 16, ఆదివారం. పదకొండు గంటలకు మర్దన అయిపోయి, చేతులు కడుక్కుని గాడి గట్టు మీద కూర్చున్నా. గోవిందు నిలబడి ఉన్నాడు, కుడికాలు ఎప్పటిలాగే గాల్లో. ఎడమ చెవిలోకి గోమారి ఏదో పోయినట్టుంది, చెవి టపటపా కొట్టుకున్నాడు. తల వంచి, ఎడమ వెనక కాలు ఎత్తి, గిట్టతో చెవి వెనక గోక్కోవడం మొదలుపెట్టాడు. పశువులు చేసే మామూలు పనే. కానీ ఒక వెనక కాలు పైకి లేచిందంటే మిగతా మూడూ నేల మీద ఉండాలి. కుడి ముందుకాలు ఇసుకలో ఉంది. గిట్ట రెండు చీలికలూ విడివడి ఇసుకలో దిగాయి. దురద బాగా ఉన్నట్టుంది, కళ్ళు మూసుకుని మరీ గోక్కున్నాడు. పది పన్నెండు సెకన్లు. కాలు వణికింది గానీ మడవలేదు. వెనక కాలు దించాక కూడా ఆ కాలు అక్కడే ఉంది. వాడికి తెలియలేదు.

నేను అక్కను పిలవలేదు. అరిస్తే ఎత్తేస్తాడేమోనని భయం.

ఆ రోజు నుంచి సార్ మెట్ట దారి మానేసి, మూడు పూటలా వాడి ఎడమ చెవి వెనక గడ్డి పరకతో గిలి పెట్టేవాడు. నలభై ఏళ్ళ సర్వీసులో ఈ వైద్యం ఏ డాక్టరూ చెప్పలేదు అనేవాడు. 22 నాటికి నిలబడినప్పుడు నాలుగు కాళ్ళూ కిందే. 27 నాటికి నడక, కొంచెం కుంటుతో. ఆ కుంటు ఇప్పటికీ ఉంది, చలి పొద్దుల్లో ఎక్కువ.

మార్చి 30 ఉగాది నాడు టాటా ఏస్‌లో ఇంటికి, 1,500. శాలలో 71 రోజులకు 7,100 కట్టాను. అక్కకు చీర పెట్టబోతే, చీర వద్దు రెండు ట్రాక్టర్ల ఇసుక పోయించు పాపా అంది. అది ఇంకా బాకీ. బండి ఎక్కేటప్పుడు ముసలావు అరిచింది, వీడు తిరిగి చూడలేదు. కృతఘ్నుడు. మొత్తం లెక్క 21,570, నా పెట్రోలు వేయలేదు. నాయనకు ఈ అంకె చెప్పలేదు, ఆయనా అడగలేదు.

మే నెలలో పశువుల బేరగాడు ఊళ్ళోకి వచ్చాడు. ఆ రోజు ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నా. కొట్టంలో గోవిందును చుట్టూ తిరిగి చూసి, కుంటు ఉన్నా ఒళ్ళు బాగుంది, తొమ్మిది వేలిస్తా అన్నాడు. నేను లేచి బయటికి రాబోయేలోపే నాయన లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచాడు. పాకాలలో ప్రింట్ తీయించిన కాగితం, నకలు తీసి పెట్టుకున్నట్టున్నాడు, నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో ఉంది.

‘అమ్మేదానికి లేదబ్బా. కాయితం రాసిచ్చినాం.’

‘ఎవురు చూడొచ్చినారు మామా, నేనేమన్నా చెప్తానా?’

నాయన కాగితం మళ్ళీ మడతలు పెట్టాడు, ఒక్కొక్కటే, ఉన్న గీతల వెంబడే. ‘మా గోవిందు మేతకు టైమైంది’ అని గంప తీసుకుని కొట్టంలోకి పోయాడు.